రీల్స్ చూసి రీలు కొన్నా

మా నాన్న చివరి డ్యూటీ నాటి ఫొటోలు నా దగ్గర ఒక్కటీ లేవు. తీయలేదా అంటే, తీశాను. బస్సెక్కేముందు స్టీరింగ్‌కి దండం పెట్టుకోవడం, డిపో గేటు దగ్గర కొబ్బరికాయ కొట్టడం, మెళ్లో బంతిపూల దండ వేస్తే ఏం చేయాలో తెలియక నవ్వడం... అన్నీ తీశాను. కెమెరా మీద అంకె 38 దాకా వెళ్లింది. 36 ఫొటోల రీల్లో 38 వచ్చాయని సంబరపడ్డాను కూడా. ఆ సంబరం ఎంత తెలివితక్కువదో మూడు వారాల తర్వాత గానీ తెలీలేదు.

నాన్న ఆర్టీసీ డ్రైవర్. గవర్నర్‌పేట డిపో, సిటీ బస్సు. 2025 ఏప్రిల్ 30న రిటైరయ్యారు. నేను అదే గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. కాలేజీ రోజుల నుంచీ ఫొటోలంటే పిచ్చే కానీ, ఫోన్ తప్ప కెమెరా ముట్టుకున్నది లేదు. నాన్న రిటైర్మెంట్ రోజు మాత్రం సొంత కెమెరాతో ఫొటోలు తీయాలని పట్టుబట్టి, జీతంలోంచి నెలనెలా దాచి 20 వేలు పోగేశాను.

ఆ డబ్బుకి నా ముందు రెండు దారులు కనిపించాయి. ఒకటి, సెకండ్ హ్యాండ్ డిజిటల్ ఎస్ఎల్ఆర్. మామూలు 18-55 లెన్స్‌తో కలిపి 17 వేలకి ఇస్తానన్నాడు ఒకాయన. నల్లగా, లావుగా, పెళ్లిళ్లలో స్టేజీ కింద తిరిగే కెమెరాలా ఉంది. రెండోది పెంటాక్స్ కె1000. 1976 నుంచి 1997 వరకూ తయారైన ఫిల్మ్ కెమెరా. ఎక్కువ భాగం లోహమే. బ్యాటరీ వెలుతురు కొలిచే మీటర్‌కి తప్ప ఇంకెందుకూ అక్కర్లేదు. 9,500 రూపాయలు. షటర్ నొక్కితే ‘టక్’మని అది చేసే చప్పుడుకే సగం పడిపోయాను.

మిగతా సగం ఇన్‌స్టాగ్రామ్ పడేసింది. అప్పటికి ఆర్నెల్లుగా నా ఫీడ్ నిండా ఫిల్మ్ కెమెరాలే. ఆ గ్రెయిన్, ఆ లేత పసుపు రంగులు, వెనకాల మెల్లగా ఒక పాట. ‘ఫొటోగ్రఫీ నేర్చుకోవాలంటే ఫిల్మ్‌తోనే మొదలుపెట్టండి, డిజిటల్ మిమ్మల్ని సోమరుల్ని చేస్తుంది’ అని ప్రతి రెండో వీడియోలో ఎవరో ఒకరు చెప్పడం. మీరూ చూసే ఉంటారు. సింపుల్‌గా చెప్పాలంటే, నేను రీల్స్ చూసి రీలు కొన్నాను.

కొనేముందు ఒకాయన్ని అడిగాను. నాన్న స్నేహితుడు, మేం ఫొటో బాబాయ్ అంటాం. గవర్నర్‌పేటలోనే ఒక మేడ మీద ఆయన స్టూడియో. ఒకప్పుడు ముహూర్తాల సీజన్లో బాబాయ్ డేట్ దొరకాలంటే రికమెండేషన్ కావాలట. ఇప్పుడు పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, లామినేషన్, పాత ఫొటోలు బాగు చేయడం. ఇరవై ఏళ్లు ఫిల్మ్ మీదే బతికిన మనిషి కదా, నా నిర్ణయానికి మురిసిపోతాడనుకున్నాను.

“డిజిటల్ కొనుక్కోమ్మా,” అన్నాడు, తల కూడా ఎత్తకుండా.

“అదేంటి బాబాయ్, మీరంతా ఫిల్మ్ మీదేగా నేర్చుకుంది?”

“మాకు వేరే దారి లేదు కాబట్టి నేర్చుకున్నాం. బెజవాడలో మే నెల కుళాయి నీళ్లు ఎలా ఉంటాయో తెలుసుగా. బ్లాక్ అండ్ వైట్ మందు 20 డిగ్రీలుండాలి. ఐసుగడ్డ కొనుక్కొచ్చి, బకెట్లో వేసి, అందులో గిన్నె పెట్టి కడిగేవాణ్ణి. ఒక్కో ఆదివారం మొత్తం అందులోనే పోయేది. అది సరదా అనుకుంటున్నావా?”

పాతకాలం మనిషి, చాకిరీ చేసి చేసి విసుగొచ్చి ఉంటుందిలే అనుకున్నాను. నేనెంత మర్యాదగా అనుకున్నా, అర్థం మాత్రం ‘ఈయనకేం తెలుసు’ అనే. పెంటాక్స్ కొనేశాను.

రీలు ఒకటి ఆన్‌లైన్లో తెప్పించాను. ఐఎస్ఓ 200 కలర్ ఫిల్మ్, 1,150 రూపాయలు. ఎండకి పాడవుతుందని ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెడితే, అమ్మ అదేదో మందు డబ్బా అనుకుని “ఎవరికి బాలేదు?” అంటూ ఇల్లంతా తిరిగింది. ముందురోజు రాత్రి వీడియో చూసుకుంటూ లోడ్ చేశాను. రీలు కొసని కుడివైపు రాడ్ గాడిలో దూర్చాలి, పళ్లు చిల్లుల్లో పడ్డాయో లేదో చూడాలి, మూత వేసి రెండు ఖాళీ షాట్లు కొట్టాలి. అన్నీ చేశాననే అనుకున్నాను.

ఆ రోజు ఎండ సంగతి చెప్పక్కర్లేదు. ఏప్రిల్ 30, బెజవాడ. ఫిల్మ్ వాళ్ల పాత లెక్క ఒకటుంది. ఎండ బాగా ఉంటే అపెర్చర్ 16 మీద పెట్టు, షటర్ నీ ఫిల్మ్ ఐఎస్ఓకి దగ్గర్లో పెట్టు, మీటర్ అక్కర్లేదు. ఐఎస్ఓ 200 కాబట్టి 1/250. ఈ ఒక్క సూత్రంతో నన్ను నేను పెద్ద ఫొటోగ్రాఫర్‌ని అనుకుంటూ డిపో అంతా తిరిగాను. నాన్నని మూడుసార్లు బస్సు దింపి మళ్లీ ఎక్కించాను. “నవ్వు నాన్నా, ఇంకొంచెం” అన్నాను. పులిహోర పొట్లాలు పంచుతుంటే నేను తినలేదు, చేతులకి నూనె అంటితే కెమెరాకి అంటుతుందని.

కలర్ రీలు కడిగేవాళ్లు మన దగ్గర నాకెవరూ దొరకలేదు. ఇంకో ఊళ్లో ల్యాబ్‌కి కొరియర్ చేశాను. రోజుకి నాలుగుసార్లు ట్రాకింగ్ చూసుకోవడం. పదిహేను రోజులు పోయాక వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది: మేడమ్, రోల్ మొత్తం బ్లాంక్.

తప్పు వాళ్లదేనని, మందులో ఏదో తేడా చేసి ఉంటారని గట్టిగా నమ్మాను. నెగెటివ్ తిరిగి పంపించమని, అది రాగానే బాబాయ్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన దాన్ని ట్యూబ్‌లైట్ ముందు పట్టుకుని అర నిమిషం చూశాడు. నారింజ రంగు పట్టీ, మచ్చ లేదు, మరక లేదు.

“అంచున అంకెలు చూడు. కంపెనీ పేరు, 1, 2, 3... చక్కగా పడ్డాయా? కడగడంలో తేడా ఉంటే ఇవి కూడా సరిగ్గా కనపడవు. కడగడం బానే ఉంది. నీ రీలే కదల్లేదు. కొస గాడిలోంచి జారిపోయింది. నువ్వు లివర్ తిప్పావు, కెమెరా అంకెలు లెక్కపెట్టుకుంటూ పోయింది, రీలు మాత్రం డబ్బాలోనే పడుకుంది. 36 దాటాక కూడా లివర్ బిగుసుకోకపోతే అనుమానం రాలేదా?”

తర్వాత నా కెమెరా తీసుకుని, ఎడమ పక్కన పైనున్న చిన్న గుండ్రటి పిడి చూపించాడు. రీలు వెనక్కి చుట్టే పిడి అది. లివర్ తిప్పినప్పుడల్లా లోపల రీలు కదిలితే ఆ పిడి కూడా తిరుగుతుంది. తిరగలేదంటే రీలు కదల్లేదని అర్థం. అంతే. వీడియోలో అతను చెప్పే ఉంటాడు. నేను రెట్టింపు స్పీడులో చూశాను.

ఇంటికెళ్లి నాన్నకి చెప్పాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. 

“మరి అన్నిసార్లు నవ్వమన్నావు?” అన్నారు చివరికి.

కోపంగా అనలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది. ఆ రోజువి ఇప్పుడు ఉన్నవి కండక్టర్ అన్నయ్య ఫోన్లో తీసి గ్రూప్‌లో పెట్టిన నాలుగు ఫొటోలే. వాట్సాప్ నలిపేసిన ఫొటోలు. ఒకదాంట్లో అమ్మ కళ్లు మూసుకుంది. ఒకదాంట్లో సగం వేలే. మరొకదాంట్లో వెనకాల నేనున్నాను, లివర్ తిప్పుతూ, విరగబడి నవ్వుతూ.

తర్వాతి ఆదివారం బాబాయ్ తన బీరువాలోంచి ఒక పాత డిజిటల్ ఎస్ఎల్ఆర్ తీసిచ్చాడు. “ఆటో మోడ్‌లో పెట్టావంటే వెనక్కి తీసేసుకుంటా,” అని ఒక షరతు. ఏలూరు రోడ్డు పక్కన నిలబెట్టి పని చెప్పాడు: పోతున్న బస్సుని తీయాలి. ముందు 1/1000తో. బస్సు బొమ్మలా ఆగిపోయింది, పార్క్ చేసిన బస్సుకీ దానికీ తేడా లేదు. తర్వాత 1/30తో, బస్సుతో పాటు కెమెరా కూడా తిప్పుతూ. బస్సు స్పష్టంగా రావాలి, వెనకాల కొట్లన్నీ గీతల్లా చెదిరిపోవాలి. మొదటి పది ఫొటోల్లో బస్సే లేదు. తర్వాతి ఇరవైలో అంతా మసక. ఎక్కడ తప్పు పోతోందో వెంటనే స్క్రీన్ మీద కనపడుతోంది. నేను బస్సు దాటిపోయాక చేయి ఆపేస్తున్నాను, నొక్కిన తర్వాత కూడా తిప్పుతూనే ఉండాలి. అరవై తీస్తే రెండు బాగా వచ్చాయి. ఆ రెండిట్లో ఒకదాంట్లో డ్రైవర్ నావైపే చూస్తున్నాడు, నాన్నకి తెలిసినాయనే.

ఇప్పుడు లెక్క చూడండి. జీఎస్టీ మనిషిని, లెక్క వేయకుండా ఉండలేను. రీలు 1,150, కడిగి స్కాన్ చేయడానికి 550, కొరియర్ 150. మొత్తం 1,850. 36తో భాగిస్తే ఒక్కో ఫొటో 51 రూపాయల పైమాటే. షటర్ నొక్కిన ప్రతిసారీ ఒక ప్లేట్ పునుగులు అన్నమాట. ఏలూరు రోడ్డు మీద ఆ ఒక్క గంటలో నేను చేసిన అరవై ప్రయత్నాలు ఫిల్మ్ మీదైతే 3 వేలు దాటేవి. డబ్బు పోతే పోయింది, మూడు వారాల తర్వాత ఆ మసక ఫొటోలు చేతికొచ్చేసరికి ఏది 1/30తో తీశానో, ఏది 1/60తో తీశానో గుర్తుండి చస్తుందా? డిజిటల్లో ప్రతి ఫొటోతో పాటూ షటర్, అపెర్చర్, ఐఎస్ఓ అన్నీ అదే రాసి పెట్టుకుంటుంది. ఫిల్మ్‌తో నేర్చుకున్న పాతవాళ్లు జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని నంబర్ల వారీగా రాసుకునేవారట. రీల్స్‌లో ఆ పుస్తకం ఎవరూ చూపించలేదు.

‘ఫిల్మ్ అయితే ఆలోచించి తీస్తాం’ అన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. 51 రూపాయలు అనుకుంటే చేయి ఆగుతుంది. కానీ ఆలోచించడానికి ముందు ఆలోచించేంత సరుకు మన దగ్గర ఉండాలి కదా. డిపోలో నేను చాలా ఆలోచించే తీశాను. పిడి వైపు చూడాలన్నదొక్కటే తెలీదు.

మరి చేతిలో ఫోన్ ఉండగా అసలు కెమెరా ఎందుకని అడుగుతారేమో. ఫోన్లో ప్రో మోడ్ ఉంటే షటర్, ఐఎస్ఓ రెండూ దాంతోనే నేర్చుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. చాలా ఫోన్లలో అపెర్చర్ మాత్రం మార్చడానికి కుదరదు. అదీ నేర్చుకోవాలన్నప్పుడు కెమెరా చూసుకోవచ్చు. ఇంకో జాగ్రత్త. డిజిటల్ అయినా, ఫిల్మ్ అయినా, పాతది కొనేటప్పుడు లెన్స్‌లోకి ఫోన్ టార్చ్ కొట్టి చూడండి. సాలెగూడులా సన్నటి తీగలు కనిపిస్తే అది ఫంగస్. మన డెల్టా గాలికి, బీరువాలో మూసి పెట్టిన లెన్స్‌లకి అది తొందరగా పడుతుంది. డిజిటల్ అయితే షటర్ ఎన్నిసార్లు కొట్టిందో కూడా అడగండి, బండికి కిలోమీటర్లు అడిగినట్టు. ఫిల్మ్ కెమెరా అయితే వెనక మూత అంచుల్లో నల్లటి స్పాంజి ఉంటుంది, అది జిగురుజిగురుగా ఊడిపోతుంటే లోపలికి వెలుతురు పోతుంది.

ఇదంతా చదివి నేను ఫిల్మ్‌కి శత్రువునైపోయానని అనుకోకండి. బాబాయ్ స్టూడియోలో ఒక ఇనప ట్రంకు పెట్టె ఉంది. ఆయన తీసిన పెళ్లిళ్ల నెగెటివ్‌లన్నీ అందులోనే, తారీకులు రాసిన కవర్లలో. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది కదా. నీళ్లు తీశాక చాలామంది బురద పట్టిన ఆల్బమ్‌లు పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చారు. ఆరిపోయాక ఒకదానికొకటి అతుక్కుపోయిన ఫొటోలు. ఆయన వాటిని చల్లటి మంచినీళ్ల తొట్లలో నానబెట్టి, వాటంతటవే వదిలేదాకా ఆగి, నీడలో ఫ్యాన్ కింద ఆరబెట్టేవాడు. ఊడదీస్తే బొమ్మ మొత్తం లేచిపోతుంది. కొన్ని వదిలాయి, కొన్ని వదల్లేదు. వదలని వాళ్లలో ఒకావిడ, తన పెళ్లి 1998లో బాబాయే తీశారని గుర్తు చేసింది. ట్రంకు పెట్టె తెరిస్తే ఆ కవర్ దొరికింది. స్కాన్ చేసి, కొత్తగా ప్రింట్లు వేసి ఇచ్చాడు. ఆ పూట స్టూడియోలో నేనూ ఉన్నాను. ఆవిడ ఫొటోలు చూసుకోలేదు, ముందు కవర్ మీద రాసిన తన పేరునే చూస్తూ కూర్చుంది.

అదే ఆవిడ చెల్లెలి పెళ్లి 2009లో. అప్పటికి బాబాయ్ డిజిటల్‌కి మారాడు. ఆ ఫొటోలున్న హార్డ్ డిస్క్ ఎప్పుడో పోయింది. వరదలో కాదు, మామూలుగానే, ఒక రోజు ఆన్ కాలేదు. అందుకని ఫిల్మే గొప్పదంటే బాబాయ్ ఒప్పుకోడు. “రెండో కాపీ ఉంచుకోకపోవడం నా తప్పు. నెగెటివ్‌లు మాత్రం ఏం, ఈ పెట్టె మేడ మీద ఉంది కాబట్టి బతికింది. కింద ఉంటే అదీ పోయేది,” అంటాడు. ఆయన మాటే నిజం. ఫోన్లు నీళ్లలో పోయినా, ఫొటోలు క్లౌడ్‌లో ఉన్న కుర్రాళ్లకి ఒక్కటీ పోలేదు. దాచుకోవడం వేరే సంగతి, దానికి కెమెరా రకంతో పెద్ద పని లేదు.

ఒక తమాషా చెప్పనా? మొట్టమొదటి డిజిటల్ కెమెరాల్లో ఒకటి పుట్టింది ఫిల్మ్ అమ్ముకునే కొడాక్‌లోనే. 1975లో స్టీవ్ సాసన్ అనే కుర్ర ఇంజనీర్ చేశాడు. 0.01 మెగాపిక్సెల్. ఒక్క బ్లాక్ అండ్ వైట్ ఫొటో క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. 2012 జనవరిలో అదే కొడాక్ దివాలా పిటిషన్ వేసింది. మనకీ ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ అని సర్కారు ఫ్యాక్టరీ ఉండేది, ‘ఇందు’ పేరుతో ఫిల్మ్ చేసేది. అదీ మూతపడింది. ఇవాళ మనం కొనే కలర్ రీలు బయటి దేశం నుంచి రావాలి, ఆ ధర పెట్టాలి. “మేం వదిలించుకున్నదాన్ని మీరు డబ్బులిచ్చి తెచ్చుకుంటున్నారు,” అని బాబాయ్ నవ్వుతాడు. పైగా ఆ ఫిల్మ్‌ని స్కాన్ చేయించి, ఫోన్లో పెట్టుకుని, ఇన్‌స్టాలో వేస్తాం. చివరికి అదీ డిజిటలే.

జులైలో ఇంకో వార్త వచ్చింది. గవర్నర్‌పేట పాత బస్టాండ్, డిపోలున్న స్థలాన్ని షాపింగ్ మాల్‌కి ఇస్తారని. యూనియన్ల వాళ్లు వద్దన్నారు, పేపర్ల నిండా అదే. నాన్న పేపర్ మడిచి పక్కన పెట్టి, “ఎల్లుండి నాతో డిపోకి వస్తావా?” అన్నారు. ఫొటోలు తీయమని అడగలేదు. రెండు కెమెరాలూ సంచిలో వేసుకున్నాను. బాబాయ్ డిజిటల్‌కి నేను 8 వేలు ఇచ్చి సొంతం చేసుకున్నాను అప్పటికే, ఇంకొంచెం బేరమాడాల్సింది.

ముందు డిజిటల్‌తోనే తీశాను. గేటు, టైమ్ కీపర్ గది, గోడకి ఆనించిన పాత టైర్లు, నాన్న టీ తాగే బల్ల. మబ్బు పట్టి ఉంది, ఎండాకాలం సూత్రం పనిచేయదు. ప్రతిదీ స్క్రీన్ మీద చూసుకుని, అవసరమైతే మళ్లీ తీశాను. నాన్న ఒక బస్సు పక్కన నిలబడి, “చూపించు,” అని ప్రతి ఫొటో అడిగి చూశారు. “ఆ వైపర్ సరిగ్గా లేదు, పైకి ఉంది. ఇంకోటి తియ్యి,” అన్నారు. వెళ్లి వైపర్ సరిచేసి వచ్చారు. తన బస్సు కూడా కాదది. 

అన్నీ వచ్చాయని నమ్మకం కుదిరాక పెంటాక్స్ తీశాను. లోపల రెండో రీలు ఉంది, మొన్న రాత్రి బాబాయ్ ముందు కూర్చుని లోడ్ చేసింది. డిజిటల్లో చూసుకున్న అంకెలే దీని మీదా పెట్టాను. నాన్న డ్రైవర్ సీటు మెట్టు మీద కాలు పెట్టి ఆగారు. నొక్కాను. లివర్ తిప్పాను.

“తిరిగిందా?” అన్నారు నాన్న అక్కణ్ణుంచే.

“తిరిగింది.”

“నిజంగా చూశావా?”

ఆయన దిగొచ్చి, నా పక్కన నిలబడి, ఇంకో బస్సుని తీయమన్నారు. నేను తీసి లివర్ తిప్పుతుంటే ఆ చిన్న పిడి వైపే వంగి చూశారు. ఆ రీల్లో ఇంకా 14 మిగిలి ఉన్నాయి. పిడి తిరుగుతోందో లేదో చూసే డ్యూటీ మాత్రం ఇప్పుడు ఆయనదే.